ఇంటర్ రెండో ఏడు: చదువు పిల్లలది, చుట్టూ ఉన్న పని పెద్దలది

ఇంటర్ సెకండియర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఏడాది పొడుగునా ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "బాగా చదువుతున్నాడా?" విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ అయినా, మర్రిపాలెంలో రైల్వే క్వార్టర్ అయినా, సీ షిఫ్టు దిగి పొద్దున్నే కూర్మన్నపాలెం చేరుకున్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి ఇల్లయినా అదే ప్రశ్న. చుట్టాలు ఫోన్ చేసినా అదే. దీనికి సూటిగా జవాబు దొరకదు. ఎందుకంటే ఆ ఏడాది పిల్లలు రాసేవి చాలా పరీక్షలు. బోర్డు పరీక్ష, జాతీయ స్థాయి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్, రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్, బైపీసీ అయితే మెడిసిన్ కోసం నీట్. ఒక్కోదానికి ఒక్కో లెక్క. దేనికి బాగా చదువుతున్నాడు అన్నది తేల్చుకోకుండా బాగా చదువుతున్నాడా అని అడిగితే ఆ కుర్రాడు మాత్రం ఏం చెబుతాడు?

ఈ లెక్కలు తెలియనప్పుడు తల్లిదండ్రుల కంటికి అన్నీ కలిసిపోయి మార్కులుగానే కనిపిస్తాయి. ఎక్కడ పది మార్కులు తగ్గినా జీవితమే తగ్గిపోయిందన్న భయం పట్టుకుంటుంది. ఆ భయం కాస్తా కోపమై పిల్లల మీదికి మళ్ళుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ ఏడాది చదువు పిల్లలది, ఆ చదువు చుట్టూ ఉన్న పని పెద్దలది. మన ఇళ్ళల్లో ఇది తారుమారవుతోంది. కెమిస్ట్రీలో ఎందుకు తగ్గిందని రాత్రి పదకొండింటికి నిలదీస్తాం, కుల ధ్రువీకరణ పత్రం ఏ తేదీతో ఉండాలో మాత్రం ఆఖరి రోజు దాకా చూసుకోం. మొదటిది మనవల్ల అయ్యే పని కాదు, రెండోది పిల్లలవల్ల అయ్యే పని కాదు.

ఏ పరీక్షకు ఏ లెక్క

ముందు ఈఏపీసెట్ చూద్దాం. విశాఖలో ఎంపీసీ పిల్లల్లో ఎక్కువమందికి చివరికి సీటు తెచ్చిపెట్టేది ఇదే. ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. టైమ్ మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ర్యాంకు కట్టేటప్పుడు ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ. తెలంగాణ ఈ ఇంటర్ వెయిటేజీని తీసేసింది. మన దగ్గర కరోనా రోజుల్లో ఆపి, మళ్ళీ పెట్టారు. సీబీఎస్ఈలో చదివిన పిల్లలకూ ఇదే లెక్క.

25 శాతం అనగానే బోర్డు మార్కులే సగం పని చేసిపెడతాయని కొందరు, వాటివల్ల ఒరిగేదేమీ లేదని కొందరు అనుకుంటారు. కాగితం మీద వేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గ్రూపు సబ్జెక్టుల్లో 90 శాతం వచ్చిన అమ్మాయికి ర్యాంకు లెక్కలో 22.5 పాయింట్లు కలుస్తాయి. 80 శాతం వచ్చిన అబ్బాయికి 20. తేడా రెండున్నర. ఈ రెండున్నరను ఈఏపీసెట్‌లో తెచ్చుకోవాలంటే 160లో ఐదారు ప్రశ్నలు అదనంగా రైటవ్వాలి. ఐదారు ప్రశ్నలేగా అనిపిస్తుంది. కానీ లక్షల మంది రాసే పరీక్షలో మధ్య ర్యాంకుల దగ్గర జనం ఇరుక్కుని ఉంటారు. అక్కడ ఐదు ప్రశ్నల తేడా వేల ర్యాంకుల తేడా అయి కూర్చుంటుంది. అంటే బోర్డు పరీక్షను చిన్నచూపు చూడకూడదు. అలాగని మ్యాథ్స్‌లో నాలుగు మార్కులు పోయాయని ఇల్లంతా పస్తుండాల్సిన పనీ లేదు. ఆ నాలుగు మార్కుల విలువ ఈఏపీసెట్‌లో ఒక ప్రశ్నకు కూడా సరిపోదు.

జేఈఈ మెయిన్ తీరు వేరు. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. రెండూ రాస్తే ఎక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. 75 ప్రశ్నలు, 300 మార్కులు. రైటుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఇక్కడ ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. అయితే ఎన్‌ఐటీ, జాతీయ స్థాయి ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల సీటు తీసుకోవాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 65. అది లేకపోతే బోర్డులో పైనున్న 20 శాతం మందిలోనైనా ఉండాలి. ఈ 75 శాతంలో భాష మార్కులూ కలుస్తాయి. ఇంగ్లిష్, సంస్కృతం ఎలాగోలా గట్టెక్కిపోతాయిలే అని వదిలేసే పిల్లలకు ఈ సంగతి డిసెంబర్‌లోపే చెప్పాలి.

పర్సంటైల్ అన్నది ఇంట్లో గొడవలకు పెద్ద కారణం. 90 పర్సంటైల్ వచ్చిందంటే నూటికి తొంభై వచ్చాయని తాతయ్య సంబరపడతాడు. అది మార్కుల శాతం కానే కాదు. రాసినవాళ్ళలో నూటికి తొంభై మంది మన పిల్లవాడితో సమానంగానో, వెనకగానో ఉన్నారని మాత్రమే దాని అర్థం. 12 లక్షల మంది రాశారనుకుంటే 90 పర్సంటైల్ వచ్చిన పిల్లవాడి ముందు ఇంకా దాదాపు 1,20,000 మంది ఉంటారు. 99 వస్తే ముందున్నది సుమారు 12,000 మంది. కాబట్టి 85 నుంచి 90కి ఎదగడానికీ, 98 నుంచి 99కి ఎదగడానికీ పడాల్సిన కష్టాలు వేరు. మొదటి ఇద్దరు ముగ్గురు వాట్సాప్‌లో పెట్టిన 99.8ని చూసి మన పిల్లవాడి 93ని తీసిపారేయడం అన్యాయం. మెయిన్ రాసినవాళ్ళలో పైనున్న రెండున్నర లక్షల మందికే ఐఐటీ సీట్ల కోసం పెట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత. దాన్ని వరసగా రెండేళ్ళలో రెండుసార్లు మాత్రమే రాయొచ్చు.

నీట్ మాట క్లుప్తంగా చెబుతాను. 180 ప్రశ్నలు, 720 మార్కులు, నెగెటివ్ ఉంది. ఇంటర్ మార్కులు అర్హత కోసమే: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40. ఆపైన అంతా నీట్ ర్యాంకే. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకు పోతాయి, మిగతావి రాష్ట్ర కౌన్సెలింగ్‌లో నింపుతారు. 1923లో మొదలైన మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో సీటు రావాలన్నా దారి అదే. నీట్, జేఈఈ మెయిన్ రెండూ తెలుగులోనూ రాయొచ్చు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలున్న ఇళ్ళల్లో ఈ సంగతి చాలామందికి ఇంకా తెలియదు.

ఆదివారం సాయంత్రం వచ్చే మెసేజ్

కార్పొరేట్ కాలేజీలో పిల్లలున్న ఇంటికి వారం వారం మార్కుల మెసేజ్ వస్తుంది. మ్యాథ్స్ 48, ఫిజిక్స్ 31, కెమిస్ట్రీ 52, సెక్షన్ ర్యాంకు 27. ఆ మెసేజ్ చదివే తీరును బట్టే ఆ వారం ఇంట్లో గాలి ఎలా వీస్తుందో తేలిపోతుంది.

ఆ 31నే దగ్గరగా చూద్దాం. జేఈఈ పద్ధతిలో పెట్టిన టెస్టు అయితే ఫిజిక్స్‌లో 25 ప్రశ్నలు, వంద మార్కులు. ఒక అబ్బాయి పది రైటు, తొమ్మిది తప్పు చేసి, ఆరు వదిలేశాడు. నలభైలోంచి తొమ్మిది పోతే 31. ఇంకో అమ్మాయి ఎనిమిది రైటు, ఒకటి తప్పు చేసి, పదహారు వదిలేసింది. ముప్ఫై రెండులోంచి ఒకటి పోతే అదీ 31. ఇద్దరి తల్లిదండ్రులకూ ఒకటే అంకె వచ్చింది, కానీ ఇద్దరి ఇబ్బందీ ఒకటి కాదు. అబ్బాయికి సబ్జెక్టు కొంత వచ్చు, తొందరపాటు ఎక్కువ, తెలియనిచోట ఊహించి పెట్టేస్తున్నాడు. అమ్మాయి తెలిసినది తప్పు చేయదు, కానీ సిలబస్‌లో వెనకబడింది, లేదా టైమ్ చాలడం లేదు. ఇద్దరికీ "ఇంకా కష్టపడాలి" అన్న ఒకే సలహా ఇస్తే ఒక్కరికీ ఉపయోగపడదు.

"ఏటి నాన్నా, ఫిజిక్స్‌లో మళ్ళీ ముప్ఫై ఒకటేనా?" అని మొదలుపెడితే జవాబుగా తలుపు వేసుకున్న చప్పుడే వస్తుంది. దానికి బదులు, అన్నం తిన్నాక, టీవీ ఆపేసి, "ఎన్ని తప్పుపోయాయి, ఎన్ని వదిలేశావు?" అని అడిగి చూడండి.

"తొమ్మిది తప్పు డాడీ. మూడింట్లో సైన్ మార్చేశాను. నాలుగు రాలేదు. రెండు ఊరికే పెట్టేశాను."

ఇది మాట్లాడుకోవడానికి పనికొచ్చే జవాబు. సైన్ మారినవి జాగ్రత్తతో పోతాయి. రాని నాలుగూ ఏ చాప్టరువో లెక్చరర్‌ని అడగాలి. ఊరికే పెట్టిన రెండూ మానెయ్యాలి. తండ్రికి ఫిజిక్స్ రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. పోర్టులో కళాసీగా చేసే తండ్రి అడిగినా, యూనివర్సిటీలో ప్రొఫెసర్ అడిగినా దీని విలువ ఒకటే. తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో సబ్జెక్టువారీగా రాసుకునే పిల్లలు పరీక్ష ముందు వారం ఆ ఒక్క పుస్తకం తిరగేస్తే చాలు.

చదివే తీరు గురించి కూడా ఒక మాట. పుస్తకం పట్టుకుని కూర్చున్న గంటలను చూసి మనం మురిసిపోతాం. చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది, వారం తర్వాత చూస్తే ఉండదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఇదే బయటపడింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే తిరిగి చదివినవాళ్ళు ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసేసి గుర్తున్నదంతా రాసుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. కాబట్టి మీ అమ్మాయి పుస్తకం మూసి గోడకేసి చూస్తూ గొణుక్కుంటుంటే "చదవడం ఆపేశావేటి?" అనకండి. ఆ సమయంలో చదువు బాగా సాగుతూ ఉండొచ్చు.

నిద్ర సంగతిలో నేను ఏమాత్రం మెత్తబడను. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యనిపుణులు చెబుతున్నారు. ఈ వయసులో ఒంటి గడియారం కొంచెం వెనక్కి జరుగుతుంది. రాత్రి త్వరగా నిద్ర పట్టదు, తెల్లారి త్వరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు. రాత్రి ఒంటిగంటకు పడుకోబెట్టి నాలుగున్నరకు నీళ్ళు చల్లి లేపితే గంటలు పెరుగుతాయి, చదివింది మాత్రం నిలవదు. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఫోన్ రాత్రిపూట హాల్లోనే పెట్టాలన్న నియమం పెట్టదలిస్తే ఇంటిల్లిపాదికీ పెట్టండి. నాన్న మంచం మీద రీల్స్ చూస్తూ కొడుకు ఫోన్ లాక్కుంటే ఆ నియమం రెండు రోజులైనా నిలవదు.

హాస్టల్ నుంచి వచ్చే ఫోన్

రెసిడెన్షియల్‌లో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి దొరికేది వారానికి కొన్ని నిమిషాలు. వెనక ఇంకో పదిమంది క్యూలో ఉంటారు. వార్డెన్ పక్కనే నిలబడి ఉంటాడు. అలాంటప్పుడు మార్కులు అడిగి ఆ నిమిషాలు కాస్తా అయిపోయేటట్టు చేస్తే, ఆ పిల్లకు కడుపునొప్పి వస్తోందనో, రూమ్మేట్ వేధిస్తోందనో చెప్పుకునే సందే దొరకదు. మార్కులు ఎలాగూ మెసేజ్‌లో వస్తాయి. ఫోన్లో "తిన్నావా?" అంటే "ఊ" అంటారు. "ఇవాళ ఏం పెట్టారు?" అంటే రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడతారు. తమ్ముడు చేసిన అల్లరి చెప్పండి, పక్కింటివాళ్ళ కుక్కపిల్ల సంగతి చెప్పండి. ఇంటికొచ్చేస్తానని పిల్ల ఏడిస్తే "ఇంత ఫీజు కట్టాం" అన్న మాట నోటికి రానివ్వకండి. ఒకసారి ఏడిస్తే బెంగ. వారం వారం ఏడుస్తుంటే మాత్రం వెళ్ళి కళ్ళతో చూసి రావాలి. అవసరమైతే డే స్కాలర్‌గా మార్చాలి. ఏడాది మధ్యలో మారిస్తే చదువు పాడవుతుందంటారు. దిగులుతో కుమిలిపోతున్న పిల్లకు అక్కడ సాగేది చదువు అని నేననుకోను.

కాలేజీని అడిగే హక్కు కూడా తల్లిదండ్రులకు ఉంది. 2023లో విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి మరణించిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ తీర్పులోనే దేశంలోని స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి సలహాలు కావు, చట్టం వచ్చేదాకా పాటించి తీరాల్సినవి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం, పిల్లల శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం మానుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనపడేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు మానసిక ఆరోగ్యం మీద శిక్షణ ఇవ్వాలి.

ఈ తీర్పు మన ఊళ్ళో చదువుకుంటున్న పిల్ల ప్రాణం పోయాక వచ్చింది. కనీసం మన ఊళ్ళోనైనా పేరెంట్స్ మీటింగ్‌లో ఒకరు లేచి "మీ కౌన్సెలర్ ఎవరండీ? ఏ రోజుల్లో ఉంటారు? మా అమ్మాయి వెళ్ళి కలవాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?" అని అడగాలి. ఒకరు అడిగితే ఇంకో పదిమంది తలూపుతారు. నెల నెలా సెక్షన్లు మార్చి, కింది సెక్షన్‌లో పడ్డ పిల్లలను చులకనగా చూస్తుంటే అదీ అడగాలి.

కాగితాలు, తేదీలు, హాల్‌టికెట్లు

పెద్దలు భుజాన వేసుకోవాల్సిన పని ఇక్కడ మొదలవుతుంది. జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌కు దరఖాస్తు అంతకుముందు ఏడాది చివరి నెలల్లోనే తెరుచుకుంటుంది. అప్పటికి మన దృష్టంతా దసరా సెలవులు, హాఫ్ ఇయర్లీ పరీక్షల మీద ఉంటుంది. కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. మన తెలుగువాళ్ళ పేర్లతో వచ్చే తంటా అంతా ఇంటిపేరు దగ్గరే. మెమోలో పొట్టి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, ఇంకోచోట ఇంటిపేరు చివర్న. పుట్టిన తేదీ, తండ్రి పేరు స్పెల్లింగ్ కూడా చూడాలి. తేడా ఉంటే ఆధార్ కేంద్రానికి తీరిగ్గా వెళ్ళే టైమ్ అప్పుడే ఉంటుంది.

కుల ధ్రువీకరణ దగ్గర ఒక చిక్కు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఈఏపీసెట్‌కు సరిపోతుంది. జేఈఈ, నీట్‌ల జాతీయ కౌన్సెలింగ్‌లో మాత్రం కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. అదీ అడ్మిషన్ జరిగే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఆర్థికంగా వెనకబడిన ఓసీలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కూ ఇలాగే కొత్త ఆర్థిక సంవత్సరం లెక్క. ఇంకో సంగతి, రాష్ట్రంలో బీసీలుగా ఉన్న కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవు. ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ తేడాతో దెబ్బతినడం కొత్త కాదు. దరఖాస్తులో కేటగిరీ నింపకముందే కేంద్ర జాబితాలో మీ కులం పేరు ఉందో లేదో చూసుకోండి. ఏప్రిల్ మొదటి వారంలో మీ వార్డు సచివాలయానికి వెళ్ళి అప్లై చేస్తే జూన్ హడావిడి తప్పుతుంది.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్‌లో పెట్టండి. స్థానికత తేల్చేది అవే. నేవీ, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల్లో బదిలీలమీద తిరిగిన కుటుంబాల పిల్లలు రెండు మూడు రాష్ట్రాల్లో చదివి ఉంటారు. వాళ్ళకు స్థానిక కోటా వర్తిస్తుందో లేదో నోటిఫికేషన్ చదివి ముందే తేల్చుకోవాలి. దరఖాస్తుల్లో ఇచ్చే ఫోన్ నంబరు, ఈమెయిలు కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా పనిచేయాలి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి మెయిల్ ఐడీతో అప్లికేషన్ పెట్టించి, ఆ తర్వాత పాస్‌వర్డ్ కోసం అతని చుట్టూ తిరిగిన కుటుంబాలున్నాయి.

సెంటర్ల గురించి కూడా చెప్పాలి. కంప్యూటర్ పరీక్షల సెంటర్లు చాలావరకు ఊరి చివరి ఇంజనీరింగ్ కాలేజీల్లో పడతాయి. గాజువాక పిల్లవాడికి ఆనందపురం వైపు, మధురవాడ అమ్మాయికి సబ్బవరం వైపు పడొచ్చు. ఈఏపీసెట్‌కు నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ముందురోజు అదే టైమ్‌కి బండి మీద ఒకసారి వెళ్ళి చూసి వస్తే గాజువాక జంక్షన్‌లోనో, ఎన్ఏడీ దగ్గరో ఎంతసేపు పడుతుందో తెలిసిపోతుంది. ఏప్రిల్, మే ఉక్కపోతలో సెంటర్ చేరేసరికే పిల్లలు సగం నీరసపడతారు. మంచినీళ్ళు, మజ్జిగ వెంట ఉంచుకోండి. పరీక్ష రాసి బయటికి రాగానే "ఎన్ని పెట్టావు?" అని గేటు దగ్గరే పట్టుకోకండి. మర్నాడు ఇంకో పేపరు ఉంటే అసలే అడగకండి.

రిజల్ట్ రోజు

ఇంటర్ ఫలితాలు సాధారణంగా ఏప్రిల్‌లో వస్తాయి. హాల్‌టికెట్ నంబరు ఉంటే ఎవరైనా ఫోన్లో చూసేయొచ్చు. చుట్టాలకు ఆ నంబరు ముందుగా పంచకండి. మీ పిల్లవాడి మార్కులు వాడికంటే ముందు పిన్నికి తెలిసిపోయి, ఫ్యామిలీ గ్రూపులో పడిపోవడం ఎంత బాధో ఆ వయసులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజు అమ్మానాన్నల్లో ఒకరైనా సెలవు పెట్టి ఇంట్లో ఉండాలి. బీ షిఫ్టు ఉంటే మార్పించుకోవాలి.

ఒక సబ్జెక్టు పోతే ఏడాది పోయినట్టు కాదు. మే, జూన్‌లలో సప్లిమెంటరీ జరుగుతుంది, ఆ ఫలితాలతో అదే ఏడాది కౌన్సెలింగ్‌కు వెళ్ళొచ్చు. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. ఇవన్నీ ఫలితం వచ్చాక ఓదార్పుగా చెబితే పిల్లల చెవికెక్కవు. పరీక్షలకు ముందే, మామూలుగా అన్నాలు తినేటప్పుడు చెప్పి ఉంచాలి. "పోతే సప్లిమెంటరీ రాద్దాం, నువ్వు మాత్రం ఇంటికి రా" అన్న మాట ఆ పిల్లల చెవిలో ముందే పడి ఉండాలి.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. వాటిలో పరీక్ష తప్పడం కారణంగా నమోదైన మరణాలు 2,248. అందుకే ఈ ఏడాది పెద్దలు కనిపెట్టుకుని ఉండాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇష్టమైనవి కూడా వద్దనడం, స్నేహితులకు దూరమవడం, నిద్ర, తిండి ఒక్కసారిగా మారడం, తన వస్తువులు పంచిపెట్టడం, "నావల్ల మీకు భారం", "నేను లేకపోతే బాగుంటుంది" లాంటి మాటలు. అలాంటప్పుడు సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం వద్దు. అడగడంవల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. టెలిమానస్ 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఆగకండి. జ్వరానికి కేజీహెచ్‌కి వెళ్ళినట్టే దీనికి అక్కడికి వెళ్ళడం.

ర్యాంకు వచ్చాక

కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీలను ఆన్‌లైన్లో వరసగా పెట్టే వెబ్ ఆప్షన్ల దగ్గర తెలివైన కుటుంబాలు కూడా బోల్తా పడుతుంటాయి. కంప్యూటర్ చేసేది ఇంతే: మీ ర్యాంకు వంతు రాగానే మొదటి ఆప్షన్ చూస్తుంది. అక్కడ సీటు ఉంటే ఇచ్చేసి ఆగిపోతుంది, లేకపోతే రెండోదానికి వెళ్తుంది. పైన పెద్ద కాలేజీ పెట్టినంత మాత్రాన కింద పెట్టినదానికి అవకాశం తగ్గదు. కాబట్టి నిజంగా కావాలనుకున్న వరసలోనే పెట్టాలి. "మనకెక్కడ వస్తుందిలే" అని ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ఇంజనీరింగ్‌ను కిందికి నెట్టి, ఖాయంగా వచ్చే కాలేజీని పైన పెడితే ఆ ఖాయమైనదే వస్తుంది, ఏయూ దాకా కంప్యూటర్ వెళ్ళనే వెళ్ళదు. అలాగే ఏమాత్రం ఇష్టంలేని బ్రాంచిని నంబర్ పెంచడానికి జాబితాలో పెట్టకూడదు. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది. ఆ విడతలో మళ్ళీ ఆప్షన్లు ఇవ్వాలో వద్దో తేల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంజనీరింగ్, మెడిసిన్ కాకుండా ఊరి చుట్టుపక్కలే ఇంకా దారులున్నాయి. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, దానికి క్లాట్ రాయాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి విశాఖలో క్యాంపస్ ఉంది. ఓడల్లో ఉద్యోగం మీద ఆశ ఉన్న పిల్లలకు ఐఎంయూ సెట్. కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ. డాక్టర్ వీఎస్ కృష్ణా ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చదువుకుంటూ పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళు ద్వారకానగర్ లైబ్రరీలో ఎందరో కనిపిస్తారు. ఈ దరఖాస్తుల్లో చాలావాటికి గడువు ఇంటర్ ఫలితాలకంటే ముందే ముగుస్తుంది, కాబట్టి వీటి మాట సెకండియర్ మొదట్లోనే ఎత్తాలి.

ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్ళీ రాసే లాంగ్‌టర్మ్ నిర్ణయం మాత్రం ఫలితాల వారంలో తీసుకోకండి. అప్పుడు ఇంట్లో ఎవరి మనసూ కుదురుగా ఉండదు, కోచింగ్ సెంటర్ల నుంచి ఫోన్లు మాత్రం రోజుకు నాలుగు వస్తాయి. రెండు వారాలు ఆగి, ముందు అమ్మాయి మాట వినండి. కోరిక తనదా, మనదా? కట్ ఆఫ్‌కు ఎంత దూరంలో ఆగింది? తప్పులన్నీ రెండు మూడు చాప్టర్లలోనే ఉన్నాయా, సబ్జెక్టే పట్టుబడలేదా? విజయవాడకో హైదరాబాద్‌కో పంపి ఏడాది ఫీజు కట్టాక తమ్ముడి చదువుకు ఎంత మిగులుతుంది? ఈ ఆఖరి ప్రశ్నను పిల్లల దగ్గర దాచొద్దు. నష్టపోయినట్టు, దెప్పిపొడిచినట్టు కాకుండా ఇంటి ఖర్చుల లెక్కగా చెప్పండి. పదిహేడేళ్ళ పిల్లలకు డబ్బు లెక్క అర్థమవుతుంది. చేతిలో వేరే సీటు ఏదైనా ఉంటే అందులో చేరడానికి చివరి తేదీ కనుక్కుని, ఆ తేదీలోపు ఏదో ఒకటి తేల్చుకోండి.